ప్రింటింగ్‌కి ఎక్స్‌పోజర్, కాంట్రాస్ట్ మీటర్: ఏది కొనాలి, లేక చేసుకోవాలా?

బనశంకరి_బ్రోమైడ్

అందరికీ నమస్కారం. ఉండేది బెంగళూరు, డార్క్‌రూమ్ అంటే మా బాత్‌రూమే. ఎన్‌లార్జర్ (నెగటివ్ బొమ్మని పెద్దది చేసి కాగితం మీద వేసేది) మియోప్టా ఓపెమస్ 6, కండెన్సర్ హెడ్, 75 వాట్ల ఓపల్ బల్బు. 35 ఎంఎం నెగటివ్‌లు, ఎక్కువగా 8×10 సైజు, ఇల్ఫోర్డ్ మల్టీగ్రేడ్ ఆర్‌సీ (ప్లాస్టిక్ పూత ఉన్న కాగితం, ఫిల్టర్ మారిస్తే కాంట్రాస్ట్ మారుతుంది). బాగా నచ్చినవి మాత్రం ఫైబర్ (ప్లాస్టిక్ పూత లేని కాగితం) మీద. ఫిల్టర్లు 00 నుంచి 5 దాకా పూర్తి సెట్టు ఉంది, పై డ్రాయర్‌లో పెడతాను.

టైమ్ తేల్చడానికి టెస్ట్ స్ట్రిప్ (ఒకే ముక్క మీద రకరకాల టైమ్‌లు ఇచ్చి చూడటం) చాలు. గ్రేడ్ (కాంట్రాస్ట్ ఎంతో చెప్పే ఫిల్టర్ అంకె, 00 మెత్తన, 5 గట్టి) తేలేలోపే కాగితం అయిపోతోంది. 2లో వేస్తే చప్పగా, 3½లో వేస్తే మొహం మీద వెలుగు మొత్తం ఎగిరిపోయి... ఒక్కో నెగటివ్‌కి రెండు మూడు కాగితాలు పోతున్నాయి. కాగితం ధర మీకందరికీ తెలిసిందే.

అందుకే మీటర్ తీసుకుందామని. చూస్తున్నవి మూడు: సెకండ్ హ్యాండ్ ఇల్ఫోర్డ్ ఈఎమ్10, ఆర్‌హెచ్ డిజైన్స్ వాళ్ల జోన్‌మాస్టర్ లేదా అనలైజర్ ప్రో, లేదంటే ఎస్పీ రోడ్‌లో సెన్సర్ కొని సొంతంగా చేసుకోవడం. అడగాల్సినవి:

ఈ మీటర్లు నిజంగా గ్రేడ్ చెబుతాయా, లేక టైమ్ మాత్రమేనా?
ఫిల్టర్ పెట్టి కొలవాలా, తీసేసి కొలవాలా?
ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ ఉంది కదా, అది సరిపోదా?

---

మైలాపూర్_ట్రే

చివరి ప్రశ్నతో మొదలుపెడతానండి, అది తేలిక. సరిపోదు. లెక్క వేసి చూడండి. కాగితం స్పీడుని ఐఎస్‌ఓ పి అంకెతో చెబుతారు. 1000ని ఆ అంకెతో భాగిస్తే, నడిమి బూడిద రంగు రావడానికి ఎన్ని లక్స్-సెకన్ల వెలుగు కావాలో వస్తుంది. మల్టీగ్రేడ్ ఆర్‌సీకి ఫిల్టర్‌తో పి200 అనుకోండి: 5 లక్స్-సెకన్లు. మీరు 10 సెకన్లు ఇస్తే బేస్‌బోర్డ్ (ఎన్‌లార్జర్ కింద కాగితం పెట్టే పలక) మీద పడేది అర లక్స్. హైలైట్ దగ్గర అందులో మూడో వంతో నాలుగో వంతో. ఫోన్ సెన్సర్‌కి అక్కడ చీకటి తప్ప ఏమీ కనపడదు. ఎలక్ట్రీషియన్లు వాడే లక్స్ మీటర్లూ అంతే, 0.1 లక్స్ దాకా చూపిస్తాయని రాసి ఉన్నా ఆ చివరి అంకెను నమ్మి గ్రేడ్ తేల్చలేం.

కాబట్టి ఏ మీటర్ కొన్నా, చేసుకున్నా మొదట చూడాల్సింది ఇది: 0.05 లక్స్ దగ్గర కూడా రీడింగ్ నిలకడగా ఉండాలి, అదీ స్టాపుల్లో (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు లేదా సగం) చూపించాలి. పదో వంతు స్టాప్ అంటే దాదాపు 7 శాతం తేడా. అంతకంటే మొరటుగా చూపే మీటర్ టైమ్‌కి పనికొస్తుందేమో, గ్రేడ్‌కి పనికిరాదు.

ఇక గ్రేడ్ సంగతి. చెబుతుంది, కానీ మీరు రెండు చోట్ల కొలిస్తేనే. బేస్‌బోర్డ్ మీద బాగా వెలుగు పడే చోటు ప్రింట్‌లో షాడో, మసకగా ఉన్న చోటు ప్రింట్‌లో హైలైట్. ఈ రెండింటి తేడా ఎన్ని స్టాపులో చూసి 30తో గుణించండి. అది ఆ నెగటివ్‌కి కావలసిన ఐఎస్‌ఓ ఆర్ అంకె (తెలుపు నుంచి నలుపు దాకా కాగితం ఎంత వెలుగు తేడా తీసుకుంటుందో చెప్పేది). మల్టీగ్రేడ్ ఫోర్ ఆర్‌సీకి ఇల్ఫోర్డ్ ఇచ్చిన అంకెలు ఇవి: 00కి 180, 0కి 160, 1కి 130, 2కి 110, 3కి 90, 4కి 60, 5కి 40. అంటే తేడా 3.7 స్టాపులొస్తే గ్రేడ్ 2, సరిగ్గా 3 స్టాపులొస్తే గ్రేడ్ 3, రెండే వస్తే గ్రేడ్ 4. ఇప్పుడు మీ దగ్గరున్న కాగితం దాని తర్వాత వచ్చిన మల్టీగ్రేడ్ ఫైవ్ అయితే అంకెలు కాస్త అటూ ఇటూ ఉంటాయి. ఏ కాగితమైనా సొంత పట్టిక చేసుకోక తప్పదు, దాని సంగతి కింద రాస్తాను.

ఇందులో అందరూ తడబడే చోటు ఒకటుంది. ఐఎస్‌ఓ ఆర్ లెక్క కాగితం తెలుపు కంటే కంటికి అందీ అందనంత ముదురు నుంచి, పూర్తి నలుపుకి పది శాతం తక్కువ దాకా. మీరు కొలిచే షాడో మాత్రం సాధారణంగా వివరం ఉన్న షాడో, అంటే జుట్టులో పోగులు కనపడే చోటు. అది అంత నలుపు కాదు. ఆ రీడింగ్‌ని అలాగే పట్టికలో పెడితే తేడా చిన్నదిగా కనిపించి, అవసరమైన దానికంటే గట్టి గ్రేడ్ వస్తుంది. మీకు 3½ దగ్గర మొహం వెలుగు ఎగిరిపోవడం అచ్చం ఈ లక్షణమే. కంటితో అంచనా వేసినా ఇదే జరుగుతుంది. ఎప్పుడూ ఒకే రకం చోట కొలవండి: నిజంగా నల్లగా మూసుకుపోవలసిన చోటు ఒకటి, చర్మం మీదో తెల్ల చొక్కా మీదో వివరం మిగిలే ఆఖరి చోటు ఒకటి.

ఫిల్టర్ తీసేసి కొలవండి. మెజెంటా ఫిల్టర్ ఆకుపచ్చని ఆపేస్తుంది, నీలాన్ని వదులుతుంది. కాగితం ఆ నీలాన్ని చూస్తుంది. మీటర్ సెన్సర్‌కి నీలం అంతంతమాత్రమే, ఎరుపు మాత్రం పుష్కలంగా కనపడుతుంది, మెజెంటా గుండా ఆ ఎరుపూ వస్తుంది. అంటే సెన్సర్ చూసే వెలుగు వేరు, కాగితం చూసే వెలుగు వేరు. ఫిల్టర్ మారినప్పుడల్లా ఆ తేడా కూడా మారుతుంది. తెల్ల వెలుగులో కొలిచి, ఏ ఫిల్టర్‌కి ఎంత కలపాలో మీ పట్టికలో రాసుకోవడమే మేలు.

---

టెస్ట్‌స్ట్రిప్_పార్టీ

ఇంత అవసరమా గురూ! ఈఎమ్10 కొనుక్కో, హాయిగా ఉంటుంది. బాగా వచ్చిన ఒక ప్రింట్ తీసుకో. ఎన్‌లార్జర్‌లో ఆ నెగటివ్ అలాగే ఉంచి, అదే ఎపర్చర్‌లో ఫిల్టర్ తీసేసి, మీటర్‌ని బుగ్గ మీద పెట్టు. ఆకుపచ్చ లైట్ వెలిగేదాకా డయల్ తిప్పి ఆ అంకె రాసుకో. కొత్త నెగటివ్ పెట్టినప్పుడు డయల్ కదపకుండా, బుగ్గ మీదే పెట్టి ఆకుపచ్చ వచ్చేదాకా లెన్స్ ఎపర్చర్ తిప్పు. ఫిల్టర్ మళ్లీ పెట్టి అదే టైమ్ ఇవ్వు. అంతే. 8×10 నుంచి 11×14కి వెళ్లినా ఇదే పద్ధతి.

గ్రేడ్ కంటితో తేల్చుకునేదే. ఒకే ఫిల్మ్ ఒకే డెవలపర్‌లో ఒకేలా డెవలప్ చేస్తే పదింట ఎనిమిది నెగటివ్‌లు ఒకే గ్రేడ్‌లో కూర్చుంటాయి. కూర్చోవడం లేదంటే తప్పు ఫిల్మ్ ట్యాంక్‌లో ఉంది, మీటర్‌లో కాదు.

---

మైలాపూర్_ట్రే

ఫిల్మ్ గురించి అన్నది నూరుపాళ్లు నిజం. కానీ ఒకే రోల్‌లో మిట్ట మధ్యాహ్నం మెరీనా ఒడ్డు, ఆ తర్వాతి ఫ్రేమ్‌లోనే గుడి మండపం లోపల చీకటి ఉంటే డెవలప్‌మెంట్ ఒకటే అయినా ఆ రెండింటి గ్రేడ్ ఒకటి కాదు. 35 ఎంఎంలో ఇది తప్పదు.

ఈఎమ్10తోనూ గ్రేడ్ కొలవచ్చు, తెలివిగా వాడితే. దాని డయల్ అంకెలు స్టాపులు కావు. నెగటివ్ లేకుండా ఖాళీ క్యారియర్ (నెగటివ్ పట్టుకునే చట్రం) పెట్టి ఎఫ్/4 దగ్గర ఆకుపచ్చ పట్టండి, అంకె రాయండి. ఎఫ్/5.6, 8, 11, 16 దగ్గర కూడా అలాగే. ఐదు చుక్కలు గ్రాఫ్ కాగితం మీద పెట్టి గీత గీస్తే ఏ డయల్ అంకె ఎన్ని స్టాపులో వచ్చేస్తుంది. ఆపైన షాడో, హైలైట్ రెండింటి దగ్గరా డయల్ తిప్పి తేడా చదువుకోవడమే. నిదానమైన పని, కానీ ఖర్చు తక్కువ.

జోన్‌మాస్టర్, అనలైజర్ ప్రో చేసేది కూడా ఇదే లెక్క, మీ బదులు అవి చేస్తాయి. నెగటివ్‌లో ఎన్ని చోట్ల కొలిస్తే అన్ని లైట్లు బూడిద రంగుల మెట్ల మీద వెలుగుతాయి. గ్రేడ్ బటన్ నొక్కితే ఆ లైట్లు దగ్గరవుతాయి, దూరమవుతాయి. కాగితం పెట్టకముందే ప్రింట్ ఎలా వస్తుందో చూసినట్టే. జోన్‌మాస్టర్ మీటర్ మాత్రమే, టైమర్ మీది మీరే వాడుకోవాలి. అనలైజర్ ప్రోలో స్టాపుల టైమర్ కూడా ఉంది, బల్బు దాని గుండానే వెలుగుతుంది. బయటి దేశం నుంచి తెప్పిస్తే 230 వోల్టులదే అడగండి, కస్టమ్స్ కూడా లెక్కలో వేసుకోండి. నెలకి ఐదారు ప్రింట్లు వేసేవాళ్లకి ఆ డబ్బు దండగ అని నా అభిప్రాయం. వారం వారం కూర్చునేవాళ్లకి మాత్రం ఇంతకంటే మంచి సాధనం లేదు.

కాలిబ్రేషన్. ఏ మీటర్‌కైనా ఇదే. స్టౌఫర్ కంపెనీ టీ2115 అనే 21 మెట్ల వెడ్జ్ (మెట్టు మెట్టుకీ ముదురయ్యే ఫిల్మ్ పట్టీ) ఒకటి కొనండి. ఒక్కో మెట్టుకి 0.15 సాంద్రత, అంటే అర స్టాప్. క్యారియర్ ఖాళీగా, మామూలుగా 8×10కి ఉంచే ఎత్తులో, ఎఫ్/8. ముందు ఫిల్టర్ లేకుండా బేస్‌బోర్డ్ మధ్యలో మీటర్ పెట్టి రీడింగ్ రాయండి. తర్వాత కాగితం మీద వెడ్జ్, దాని మీద బరువైన గాజు, ఫిల్టర్ 2 పెట్టి 10 సెకన్లు. మొదటి నాలుగైదు మెట్లు పూర్తి నలుపు, చివరి నాలుగైదు పూర్తి తెలుపు వచ్చేలా ఎపర్చర్ సరిచేసుకోండి. ఎపర్చర్ మార్చితే రీడింగ్ మళ్లీ తీసుకోవాలి. డెవలప్ చేసి, కడిగి, పూర్తిగా ఆరాక, గది వెలుగులో చూడండి. తడిగా ఉన్నప్పుడు లెక్కపెట్టొద్దు.

తెలుపు కంటే కాస్త ముదురుగా కనిపించే మొదటి మెట్టు ఏదో, నలుపు కంటే కాస్త తేలికగా కనిపించే మొదటి మెట్టు ఏదో గుర్తించండి. మధ్యలో 7 అంతరాలు ఉంటే 7×15, అంటే ఆర్ 105. గ్రేడ్ 2కి సరిగ్గానే ఉంది.

అదే కాగితం టైమ్ కూడా చెబుతుంది. ఉదాహరణకి తెలుపు కంటే కాస్త ముదురుగా కనిపించిన ఆ మెట్టు 14వది అనుకోండి. దాని సాంద్రత సుమారు 2.00, అంటే ఖాళీ వెలుగు కంటే 6.7 స్టాపులు తక్కువ. ఖాళీ వెలుగు మీ మీటర్‌లో 8.0 అని ఉంటే, 8.0లోంచి 6.7 తీస్తే 1.3. ఇకపైన ఏ నెగటివ్‌లోనైనా హైలైట్ 1.3 చూపిస్తే గ్రేడ్ 2కి టైమ్ 10 సెకన్లు. 0.3 చూపిస్తే 20, 2.3 చూపిస్తే 5. మిగతా ఫిల్టర్లన్నిటికీ ఇలాగే ఒక్కో కాగితం ముక్క. 00 నుంచి 3½ దాకా ఒకే టైమ్, 4 నుంచి రెట్టింపు అని ఇల్ఫోర్డ్ చెప్పేది నడిమి బూడిదకి కుదిరేలా కట్టిన లెక్క. హైలైట్‌ని పట్టుకుని ప్రింట్ చేసేవాళ్లకి అది చాలదు, గ్రేడ్ పెంచేకొద్దీ హైలైట్ తెల్లబడుతూ పోతుంది. అందుకే ఫిల్టర్ ఫిల్టర్‌కీ సొంత అంకె కావాలి.

ఫోమా కాగితం వాడితే ఈ పట్టిక మొత్తం మళ్లీ. ఇల్ఫోర్డ్ ఫిల్టర్లతో అది అదే గ్రేడ్ ఇవ్వదు.

---

ఎస్పీరోడ్_సోల్డర్

సొంతంగా చేసుకునేవాళ్లకి నాకు తెలిసింది రాస్తున్నా. మార్కెట్లో దొరికే వాటిలో టీఎస్‌ఎల్ 2591 సెన్సర్ బోర్డు పనికొస్తుంది. ఎస్పీ రోడ్‌లో లేకపోతే ఆన్‌లైన్‌లో, చెన్నైవాళ్లకి రిచీ స్ట్రీట్ ఉండనే ఉంది. ఆర్డుయినో నానో కానీ ఈఎస్‌పీ32 కానీ, చిన్న ఓఎల్‌ఈడీ డిస్‌ప్లే, ఒక బటన్. బీపీడబ్ల్యూ34 లాంటి ఫోటోడయోడ్‌తో ఆంప్లిఫైయర్ కట్టుకోవచ్చు కానీ దాని చూపు ఎక్కువగా 900 నానోమీటర్ల దగ్గర, అంటే ఇన్‌ఫ్రారెడ్‌లో ఉంటుంది. కాగితానికి అక్కర్లేని వెలుగు అది. ఓపల్ బల్బు విడుదల చేసేది ఎక్కువగా అదే.

2591లో రెండు చానెళ్లు ఉంటాయి, ఒకటి మొత్తం వెలుగు, రెండోది ఇన్‌ఫ్రారెడ్ మాత్రం. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే చాలని లైబ్రరీలు చెబుతాయి. టంగ్‌స్టన్ కింద రెండూ పెద్ద అంకెలు, వాటి తేడా చిన్న అంకె, కాబట్టి తప్పు పెద్దదవుతుంది. పాడైపోయిన వెబ్‌క్యామ్ విప్పితే లెన్స్ వెనక లేత నీలి ఎరుపు మెరుపుతో చిన్న గాజు ముక్క ఉంటుంది, అది ఇన్‌ఫ్రారెడ్ ఆపే ఫిల్టర్. సెన్సర్ మీద అంటించండి.

గెయిన్ (సెన్సర్ రీడింగ్‌ని ఎన్ని రెట్లు పెంచాలన్నది) నాలుగు మెట్లు: నామమాత్రంగా 1, 25, 428, 9876. ఈ నిష్పత్తులు ఒక్కో చిప్‌లో ఒక్కోలా ఉంటాయి. షాడో ఒక గెయిన్‌లో, హైలైట్ ఇంకో గెయిన్‌లో కొలిస్తే ఆ తేడా నేరుగా గ్రేడ్‌లోకి వచ్చేస్తుంది. ఒకే వెలుగుని రెండు గెయిన్లలోనూ కొలిచి అసలు నిష్పత్తి కోడ్‌లో పెట్టండి. సెన్సర్ ఒక్కసారి కొలిచే టైమ్ 600 మిల్లీసెకన్లు ఉంచండి. మన కరెంటు 50 హెర్ట్జ్, బల్బు సెకనుకి వంద సార్లు మినుకుతుంది. 10 మిల్లీసెకన్లకి గుణిజంగా ఉన్న టైమ్ అయితే ఆ మినుకు రీడింగ్‌లో కనపడదు. డిస్‌ప్లేలో లక్స్ కాకుండా బేస్ 2 లాగరిథమ్ చూపించండి, అప్పుడు తీసివేత నేరుగా స్టాపులు.

బోర్డు మీద పవర్ ఎల్‌ఈడీ ఉంటే నల్ల టేప్ వేయండి. డిస్‌ప్లే మీద ఎర్ర ఫిల్మ్ రెండు పొరలు వేసి, కొలిచే క్షణంలో కోడ్‌లోనే దాన్ని ఆర్పేయండి. కొలిచేటప్పుడు సేఫ్‌లైట్ (కాగితం మీద పనిచేయని డార్క్‌రూమ్ దీపం) కూడా ఆర్పాల్సిందే, కొన్న మీటర్‌కైనా ఇదే మాట. ఎర్ర ఎల్‌ఈడీ సేఫ్‌లైట్ దగ్గర్లో ఉంటే హైలైట్ కంటే దాని వెలుగే ఎక్కువ పడొచ్చు. అప్పుడు హైలైట్ అసలు కంటే వెలుగుగా కనపడి, కాంట్రాస్ట్ తక్కువని లెక్క వచ్చి, గ్రేడ్ గట్టిది చూపిస్తుంది.

సెన్సర్ రంధ్రం 4 ఎంఎం చాలు, చుట్టూ తెల్ల కాగితం అంటిస్తే బొమ్మ ఎక్కడ పడుతోందో కనపడుతుంది. ప్రోబ్ వీలైనంత పల్చగా కట్టండి. 25 ఎంఎం ఎత్తున్న డబ్బాలో సెన్సర్ పైన పెడితే, లెన్స్ 500 ఎంఎం ఎత్తులో ఉన్నప్పుడు 0.15 స్టాప్ ఎక్కువ చూపిస్తుంది. లెన్స్ 250 ఎంఎంకి దిగితే 0.3. సైజు మార్చినప్పుడల్లా టైమ్ తప్పడానికి ఇదే కారణం, గ్రేడ్ మీద మాత్రం దీని ప్రభావం లేదు.

---

బనశంకరి_బ్రోమైడ్

చాలా థాంక్స్ అండి అందరికీ. వెడ్జ్ ఆర్డర్ పెట్టాను, సెన్సర్ దారిలోనే వెళ్తాను. రెండు సందేహాలు. మా ఇంట్లో సాయంత్రం వోల్టేజ్ 215, రాత్రి పదకొండు దాటాక 235. కాలిబ్రేషన్ ఏ టైమ్‌లో చేయాలి? ఫ్రిజ్ స్టెబిలైజర్ ఒకటి ఖాళీగా ఉంది, అది పనికొస్తుందా? రెండోది, ఫైబర్ కాగితానికి వేరే పట్టికా?

---

ఓల్టేజ్_గోపురం

ఫ్రిజ్ స్టెబిలైజర్ వద్దు బాబూ. అది రిలేతో మెట్లుమెట్లుగా మారుస్తుంది. ఎక్స్‌పోజర్ మధ్యలో రిలే టక్కుమంటే బల్బు వెలుగు ఒక్కసారిగా మారుతుంది, మామూలు కరెంటే దానికంటే నయం.

టంగ్‌స్టన్ బల్బు వెలుగు వోల్టేజ్‌తో సమానంగా మారదు, దాదాపు 3.4 ఘాతంతో మారుతుంది. వోల్టేజ్ 5 శాతం పడితే వెలుగు 16 శాతం పడుతుంది, పావు స్టాప్. మీ 235 నుంచి 215కి వెళ్తే 8.5 శాతం, వెలుగు నాలుగో వంతుకి పైగా పోతుంది, సుమారు 0.44 స్టాప్. పైగా వెలుగు పసుపు తిరుగుతుంది, నీలం తగ్గుతుంది, మల్టీగ్రేడ్ కాగితం కాస్త మెత్తబడుతుంది. మీటర్ వెలుగు తగ్గిందని చెబుతుంది కానీ రంగు మారిందని చెప్పదు. కాలిబ్రేషన్ ఏ టైమ్‌లో చేసినా ఇంకో టైమ్‌కి పనికిరాదన్నమాట.

దారి రెండు. 1 కేవీఏ సర్వో స్టెబిలైజర్, ఔట్‌పుట్ ప్లస్ మైనస్ 1 శాతం అన్నది. ఆ 1 శాతానికి తేడా 0.05 స్టాప్, పట్టించుకోనక్కర్లేదు. దాని మోటారు తిరగడానికి క్షణం పడుతుంది, అందుకని ప్రింట్ చేసేటప్పుడు అదే లైన్‌లో గీజర్, మోటారు వేయకండి. రెండోది ఆన్‌లైన్ యూపీఎస్, డబుల్ కన్వర్షన్ అని అడగండి. కంప్యూటర్ షాపులో ఇచ్చే మామూలు యూపీఎస్, ఇంట్లో ఇన్వర్టర్ కరెంటు ఉన్నంతసేపూ లైన్‌ని అలాగే వదిలేస్తాయి, ప్రయోజనం లేదు. కరెంటు పోయి స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడుస్తుంటే అసలు ప్రింటే వేయొద్దు.

12 వోల్టుల హాలోజన్ హెడ్ ఉన్నవాళ్లకి ఇంకా తేలిక. ట్రాన్స్‌ఫార్మర్ తీసి రెగ్యులేటెడ్ ఎస్‌ఎంపీఎస్ (స్థిరమైన వోల్టేజ్ ఇచ్చే సప్లై) పెట్టుకోవచ్చు. 100 వాట్ల బల్బుకి నడుస్తున్నప్పుడు 8.3 ఆంప్స్ చాలు కానీ చల్లటి ఫిలమెంట్ మొదటి క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది, చిన్న సప్లై అయితే తడబడి ఆగిపోతుంది. కాస్త పెద్దదే తీసుకోండి. ఓపెమస్‌కి మాత్రం ఇది కుదరదు, మీది లైన్ మీద నడిచే బల్బు.

---

మైలాపూర్_ట్రే

ఫైబర్‌కి వేరే పట్టిక తప్పదు. పైగా ఫైబర్ ఆరాక ముదురుతుంది, 8 నుంచి 12 శాతం ఎక్స్‌పోజర్‌కి సమానంగా. వెడ్జ్ ముక్కల్ని ఆరాకే లెక్కపెట్టమన్నది అందుకే, అలా చేస్తే ఆ తేడా పట్టికలోనే కలిసిపోతుంది. తర్వాత ట్రేలో తడి ప్రింట్ తేలికగా కనిపించినా టైమ్ పెంచకండి.

డెవలపర్ వేడి కూడా కాలిబ్రేషన్‌లో భాగమే. మా చెన్నైలో ఏప్రిల్‌లో ట్యాంక్ నీళ్లు 30 దాటుతాయి, 20 డిగ్రీలు పట్టుకుంటానంటే ఐసు కరుగుతూనే ఉంటుంది. 24 దగ్గర పెట్టుకుని అన్ని రోజులూ 24 దగ్గరే ఉంచితే చాలు. ఆర్‌సీకి పూర్తి ఒక నిమిషం, ఫైబర్‌కి రెండు. బొమ్మ వచ్చేసిందని ముందే తీస్తే నలుపు నిండదు, పట్టికలో ఆర్ అంకె తప్పు వస్తుంది. డెవలపర్ చివరికి వచ్చిన రోజున కాలిబ్రేషన్ చేయకండి.

పైరో డెవలపర్‌లో కడిగిన నెగటివ్‌లు ఉంటే ఈ లెక్క పనిచేయదు. వాటి పసుపు మరక నీలాన్ని ఆపుతుంది, మీటర్‌కి అది సరిగ్గా కనపడదు. అలాంటి వాటికి విడిగా పట్టిక, లేదా టెస్ట్ స్ట్రిప్.

---

టెస్ట్‌స్ట్రిప్_పార్టీ

ఒప్పుకుంటా, లెక్క బాగుంది. కానీ నాదొక ప్రశ్న. పాత కలర్ అనలైజర్లు (కలర్ ప్రింట్‌కి ఫిల్టర్లు తేల్చే మీటర్లు) చవగ్గా వస్తున్నాయి, తెల్ల చానెల్ ఒకటి ఉంటుంది కదా, అది బ్లాక్ అండ్ వైట్‌కి వాడొచ్చా?

---

ఎస్పీరోడ్_సోల్డర్

వాడొచ్చన్నా, కొనే ముందు లోపల ఏ సెన్సరో కనుక్కో. కాడ్మియం సల్ఫైడ్ సెల్ అయితే దానికి గుర్తు ఎక్కువ: షాడో కొలిచి వెంటనే హైలైట్ మీదికి జరిపితే పాత వెలుగు కాసేపు వదలదు, సూది నెమ్మదిగా దిగుతూనే ఉంటుంది. గ్రేడ్ లెక్కకి అదే పెద్ద దెబ్బ. హైలైట్ ముందు కొలిచి, తర్వాత షాడో కొలిస్తే కొంత నయం. ఫోటోమల్టిప్లయర్ ట్యూబ్ ఉన్నదైతే మసక వెలుగులో అద్భుతంగా చదువుతుంది కానీ ఆన్‌లో ఉండగా గది లైట్ వేస్తే ట్యూబ్ పాడైపోతుంది. సిలికాన్ అయితే ఏ బెంగా లేదు. షాప్‌లో పరీక్ష ఇలా చెయ్యి: ప్రోబ్ మీద వేలు మూసి ఐదు సెకన్లు ఆగు, తీసి మళ్లీ అదే వెలుగులో పెట్టు. మొదటి రీడింగ్‌కే తిరిగి వస్తే తీసుకో. పాక్కుంటూ వస్తుంటే వదిలేయ్. వైరు ప్రోబ్ దగ్గర వంచి చూడు, అంకె ఎగిరితే లోపల తెగి ఉంది, అది మాత్రం టంకం వేసుకుంటే పోతుంది.